గుత్తకిచ్చే ముందు ఇక్కడి చట్టం అడగండి

సాగు మొదలయ్యే వేళకు ప్రతి ఊళ్లోనూ ఒకటే మాట: "భూమి గుత్తకిస్తాం గానీ, కాగితం మీద సంతకం మాత్రం పెట్టం." కలికిరి చుట్టుపక్కల భూములుండి, బెంగళూరులోనో తిరుపతిలోనో కాపురముంటున్న వాళ్ల నోట ఇది మరీ ఎక్కువ. సంతకం పెడితే భూమి పోతుందని వాళ్ల భయం. ఉన్న రెండెకరాలు పోతాయేమోనన్న దిగులు ఎవరికైనా ఉంటుంది. దాన్ని ఎగతాళి చేయకూడదు. కానీ ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

కర్ణాటక మనకు పక్కనే. అక్కడ 1974 మార్చి 1 నుంచి కౌలు భూములు ప్రభుత్వపరమై, దున్నేవాళ్లకు హక్కు దక్కింది. కొత్తగా కౌలుకివ్వడాన్నీ దాదాపు నిషేధించారు. తెలంగాణలో 1950 నాటి చట్టం రక్షిత కౌలుదారులను భూయజమానులను చేసింది. ఆ కథలు విన్నవాళ్లు, బెంగళూరులో తెలిసిన లాయరును అడిగినవాళ్లు మనకూ అదే చట్టమనుకుంటున్నారు. భూమి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర చట్టమే దానికి వర్తిస్తుంది.

మన దగ్గర 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఒప్పందం 11 నెలలకే. సాగుదారు కార్డు ఇచ్చేది పంట మీద హక్కే, భూమి మీద కాదు. ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. అది లేకపోతే గుత్త రైతుకు పంట రుణం, బీమా, నష్టపరిహారం అందడం కష్టం. వానకు టమాటా కుళ్లిపోతే అప్పు దున్నినవాడి నెత్తిన, పరిహారం పట్టాదారు ఖాతాలో. ఇదెక్కడి న్యాయం?

నోటిమాట యజమానికీ క్షేమం కాదు. గుత్త ఎంత, ఎప్పుడివ్వాలి, బోరు మరమ్మతు ఎవరిది, గడువెప్పటిదాకా? తగవు వస్తే చూపడానికేముంది? డీకేటీ పట్టా అయితే మరీ జాగ్రత్త. 1977 నాటి అసైన్డు భూముల చట్టం గుత్తకివ్వడాన్నీ బదలాయింపుగానే చూస్తుంది. 2023లో దానికి సవరణ వచ్చింది. అది మీ పట్టాకు వర్తిస్తుందో లేదో కాగితాలు చూసినవాళ్లే చెప్పగలరు.

అందుకే పాసుపుస్తకం, అడంగల్ పట్టుకుని మదనపల్లెలోనో, మీకు దగ్గరి కోర్టులోనో భూమి వ్యవహారాలు చూసే వకీలును కలవండి. చట్టాలు మారుతుంటాయి, ఈ పంటకు ఏది అమల్లో ఉందో అడగండి. ఫీజుకు ఇబ్బందైతే న్యాయ సేవాధికార సంస్థను 15100 నంబరులో అడగొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం ఉంది. వెళ్లేటప్పుడు గుత్త రైతునూ వెంట తీసుకెళ్లండి. ఇద్దరూ ఒకేచోట ఒకే మాట వింటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

తెలియక భయపడితే మన సంఘం ఓపికగా నచ్చజెబుతుంది. అడిగి తెలుసుకున్నాక కూడా సంతకం పెట్టమంటే అది భయం కాదు. పరాయి కష్టం మీద వచ్చే పరిహారానికి ఆశపడటమే.