సాగుచేసే చేతికే రాయితీ

గోధుమ రైతుల పేరిట ప్రభుత్వాలు వెచ్చిస్తున్న సొమ్ములో అధిక భాగం ఎరువుల ధరల్లోనూ విద్యుత్ బిల్లుల్లోనూ కలిసిపోయి అందుతున్నందువల్ల, ఎంత ఎక్కువ వాడితే అంత ఎక్కువ రాయితీ దక్కుతోంది. పొదుపుగా వాడిన రైతుకు ఆ పొదుపే నష్టమవుతోంది. ఈ సొమ్మును ఎకరాల లెక్కన, సొంత భూమైనా కౌలు భూమైనా, పంట వేసినవారి ఖాతాలో నేరుగా జమచేయడమే న్యాయం.

వాడకాన్నిబట్టి రాయితీ ఇచ్చే విధానం పుట్టిన కాలానికి అది సరైనదే. 1960ల మధ్యలో వరుస కరవులతో దేశం పి.ఎల్. 480 ఒప్పందం కింద వచ్చే అమెరికా గోధుమలపై ఆధారపడిన దశలో, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల పొట్టిరకం విత్తనం వచ్చింది. ఎరువు ఎక్కువ వేసినా పడిపోకుండా నిలిచే ఆ రకాలకు నీరూ నత్రజనీ చౌకగా అందించడం నాటి అవసరం. అవసరం తీరినా అలవాటు మిగిలిపోయింది.

యూరియానే చూడవచ్చు. 45 కిలోల వేపపూత బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకే దొరుకుతోంది. ఎరువులోని పోషకాన్నిబట్టి రాయితీని నిర్ణయించే విధానాన్ని 2010లో తెచ్చినప్పుడు యూరియాను దాని పరిధిలోకి తేలేదు కనుక, భాస్వరం, పొటాష్ ఎరువులు ప్రియమై యూరియా మాత్రం చౌకగా నిలిచిపోయింది. విత్తిన మూడు వారాలకు, మొదలు దగ్గర కొత్త వేర్లు పుట్టే వేళ, తొలి తడితోపాటు పైపాటుగా చల్లే యూరియా గోధుమకు ప్రాణం వంటిదే. అయితే చౌక గదా అని మరో బస్తా కుమ్మరిస్తే పైరు పచ్చగా ఏపుగా పెరిగి, కంకి బరువెక్కాక గాలివానకు నేలవాలుతుంది, మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి భూగర్భజలంలోకి దిగుతుంది. పంజాబ్‌లో ఉచిత విద్యుత్తు అండతో వరి, గోధుమ మార్చిమార్చి పండించే క్రమంలో, భూమిలో ఏటా తోడుకోదగిన నీటికి ఒకటిన్నర రెట్లకు పైగా తోడేస్తున్నారు. ఇందులో వరి వాటాయే పెద్దదన్నది నిజమే కాని, రెండు పంటలకూ బోరు ఒక్కటే.

ఇంత ఖర్చుచేస్తున్న ప్రభుత్వం, ధర పలికే వేళ రైతుకు అడ్డు నిలవడం మరింత అన్యాయం. 2022 మార్చి ఎండలకు గింజ పాలుపోసుకునే దశలోనే ముడుచుకుపోయి దిగుబడి తగ్గింది. క్వింటాలుకు 2,015 రూపాయలున్న కనీస మద్దతు ధర, అంటే ప్రభుత్వం కొనుగోలుకు హామీ ఇచ్చే కనీస రేటు, కంటే మార్కెట్లో ఎక్కువ ధర పలకసాగిన ఆ వేసవిలో, మే 13న కేంద్రం ఎగుమతులను నిషేధించింది. వినియోగదారుణ్ణి కాపాడవలసిందే, ఆ భారాన్ని ఖజానా మోయాలి గాని, దిగుబడి కోల్పోయిన రైతు మోయరాదు. నిషేధం విధించిన ప్రతిసారీ ధరలో నష్టపోయిన మేరకు పరిహారం చెల్లించే నిబంధన చట్టంలో ఉండాలి.

నగదు బదిలీకి మారితే కాలక్రమంలో దాని విలువ కరిగిపోతుందన్న రైతుసంఘాల భయం న్యాయమైనదే. అందువల్ల చెల్లింపును ఏటా సాగు ఖర్చుతో ముడిపెట్టి, ఖాతాల్లో డబ్బు పడిన తరువాతే యూరియా ధరను దశలవారీగా సవరించాలి. ఎవరికి చెల్లించాలన్నది ఇంకా కీలకం. తెలంగాణ 2018లో రైతుబంధు కింద ఎకరాకు సీజనుకు 4 వేల రూపాయల చొప్పున ఇచ్చి నేరుగా చెల్లించడం సాధ్యమేనని నిరూపించింది. కాని పట్టాదారు పాసుపుస్తకమే ఆధారం కావడంతో కౌలు రైతుకు చిల్లిగవ్వ దక్కలేదు. పీఎం కిసాన్‌లోనూ భూయజమానులకే చోటు. కౌలు వ్యవసాయం విస్తారంగా ఉన్న పంజాబ్, హర్యానాల్లో ఆ పొరపాటు పునరావృతం కాకుండా, నవంబరు విత్తనాలకు ముందే గ్రామాలవారీగా వాస్తవ సాగుదారుల జాబితాలను గ్రామసభల్లో చదివి వినిపించి ఖరారుచేయాలి.