ఎడారిలో ఏకాకి ప్రయాణము

కొన్ని సంవత్సరముల క్రిందట, డిసెంబరు నెలాఖరున ఒక ఉదయము మా స్టాఫ్ రూములోనికి ఒక పెద్దమనిషి వచ్చినారు. చేతిలో ఫోను, ముఖమున నిద్రలేమి. వారి కుమారుడు మా కళాశాలలో డిగ్రీ ముగించి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఎం.ఎస్. చదువుచున్నాడు. రెండు రోజులుగా అతని ఫోను కలియుట లేదు. సెలవులకు కారు అద్దెకు తీసుకొని ఒక్కడే ఎడారి చూడబోయినాడని గదిలోని స్నేహితులు చెప్పినారట. ఏ ఎడారి, ఏ దారి అన్నది వారికి కూడ తెలియదు. "సార్, ఎడారిలో చూడటానికి ఏముంటుంది?" అని ఆ తండ్రి మమ్ములను అడిగినారు. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి.

మరునాటి ఉదయమునకు అబ్బాయి గొంతు వినిపించినది. డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో, రేస్‌ట్రాక్ అను ఎండిన సరస్సుకు పోవు 27 మైళ్ళ కంకరదారిలో టైరు పగిలినది. అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు. కారులోని అదనపు టైరు చిన్నది. ఆ వాడిరాళ్ళ మీద నిలువదు. అటువంటి దారులకు కారును తీసుకొనిపోరాదని అద్దె ఒప్పందములో వ్రాసియున్నది. అతడు చదువకుండనే సంతకము చేసినాడు. రాత్రంతా చలిలో కారులోనే గడిపి, తెల్లవారిన తరువాత అటు వచ్చిన దంపతుల జీపులో బయటపడినాడు. అతడు చేసిన మంచిపని ఒక్కటే: కారును విడిచి నడిచిపోలేదు.

నాటినుండి మా స్టాఫ్ రూములో రెండు పక్షములు ఏర్పడినవి. "చదువుకొమ్మని పంపితే ఎడారులు పట్టి తిరుగుట ఏమిటి? ఒంటరిగా పోవుటే తప్పు" అని ఒక పక్షము. "ఇరువది మూడేండ్లవాడు అడుగు తీసి అడుగు వేయుటకు కూడ ఇంటికి చెప్పవలెనా?" అని రెండవ పక్షము. ఈ రెండింటిలో దేనితోను మేము ఏకీభవింపము. ఒంటరిగా వెళ్ళవచ్చును; వీలున్నవారు ఒకసారియైన వెళ్ళవలెను కూడ. కాని చెప్పకుండ వెళ్ళరాదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతే.

ముందుగా ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ అనుచోట నిలుచున్నవాడు సముద్రమట్టమునకు 282 అడుగులు దిగువన ఉండును. కాళ్ళ క్రింద ఉప్పు. తల యెత్తి చూచినచో 11,049 అడుగుల టెలిస్కోప్ శిఖరము మీద, చలికాలమైతే, మంచు. అదే లోయలో 1913 జూలై 10వ తేదీన 134 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిమి నమోదైనది; ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలలో నేటికిని అదియే అత్యధికము. మా విద్యార్థి చూడబోయిన రేస్‌ట్రాక్ నేల మీద రాళ్ళు తమంతట తాము కదలి, వెనుక చాళ్ళు విడిచిపోవును. దశాబ్దముల తరబడి ఎవరికిని అంతుపట్టని ఈ వింతను 2013 డిసెంబరులో పరిశోధకులు కన్నులార చూచి, 2014లో ప్రకటించినారు. రాత్రి పలుచగా నిలిచిన నీరు గడ్డకట్టును. పగటి ఎండకు ఆ మంచు పలకలుగా పగులును. మెల్లని గాలికే ఆ పలకలు కదలి రాళ్ళను నెట్టుకొనిపోవును. మహాబలము అవసరము లేదు. పలుచని మంచు, కొద్దిపాటి గాలి, ఓపికగా కాచుకొని చూచు కన్నులు చాలును.

ఇటువంటి చోట ఒంటరితనమునకు ఒక విలువ కలదు. పదిమందితో పోయిన ప్రయాణములో మనము పదిమందిని చూచి వత్తుము. ఒంటరిగా పోయినప్పుడు ఆ చోటును చూతుము. మాట్లాడువారు లేనందున మన మనస్సు చెప్పునది కూడ మనకు వినిపించును. ఎడ్వర్డ్ ఆబీ అను రచయిత 1956, 1957 సంవత్సరములలో యూటా రాష్ట్రమున ఆర్చెస్ అను చోట రేంజరుగా పనిచేసి, ఆ అనుభవముతో 1968లో 'డెజర్ట్ సాలిటేర్' అను గ్రంథమును వెలువరించినాడు. ఎడారిని చూడవలెనన్న కారు దిగవలెనని అతని వాదము. ఆ చోటు 1971లో నేషనల్ పార్కు అయినది. 2022లో అక్కడ ప్రవేశమునకు ముందుగా సమయము నిర్ణయించుకొను పద్ధతిని ప్రవేశపెట్టవలసి వచ్చినది. ఏకాంతమును కోరువారే అంతమంది అయినారన్నమాట!

అయితే ఎడారి ఏకాంతమునకు మరియొక ముఖము కూడ కలదు. ఉర్దూ గజలు చదివినవారికి ఇది క్రొత్త కాదు. మజ్నూ ఒంటరిగా ఎడారి పట్టినాడు. అందుకే లోకము అతనిని పిచ్చివాడన్నది. బుద్ధిగలవారు కాఫిలాతో పోయినారు. ముందు దారి తెలిసినవాడు, నడుమ సామాను, వెనుక ఎవరు తప్పిపోయినదీ చూచువాడు: కాఫిలా అనగా ఇదియే.

కాఫిలా లేకుండ పోయినవారి కథలు అమెరికా ఎడారిలోను కలవు. ఎవరెట్ రూస్ అను 20 ఏండ్ల యువకుడు చిత్రములు గీయుచు, గాడిదలతో ఒంటరిగా తిరిగి, 1934 నవంబరులో యూటాలోని ఎస్కలాంటే ప్రాంతమున అదృశ్యమైనాడు. అతని గాడిదలు దొరికినవి, అతడు దొరకలేదు. 2003 ఏప్రిలులో ఆరన్ రాల్స్టన్ అను 27 ఏండ్ల పర్వతారోహకుడు, కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కు సమీపమున ఇరుకైన లోయలో దిగుచుండగా, ఒక బండరాయి కదలి అతని కుడిచేతిని గోడకు బిగించినది. ఐదు దినములు అట్లే ఉండి, తుదకు మొద్దుబారిన చిన్నకత్తితో తన చేతిని తానే కోసికొని బయటపడినాడు. '127 అవర్స్' అను పేర ఈ కథ 2010లో చలనచిత్రమైనది. దానికి సంగీతము కూర్చినవారు మన ఏ.ఆర్. రహ్మాన్. చూచినవారందరు ఆ ధైర్యమును మెచ్చుకొందురు. మేమును మెచ్చుకొందుము. కాని రాల్స్టన్‌కు బలము తక్కువ కాలేదు, అనుభవము తక్కువ కాలేదు. తక్కువైనది ఒక్క మాట: ఎక్కడికి పోవుచున్నదీ అతడు ఎవరికిని చెప్పలేదు. ఒకరికి చెప్పియున్నచో, తిరిగిరాని మొదటి రోజే వెదకువారు ఏ లోయలో వెదకవలెనో తెలిసియుండెడిది.

ఇంకొక సంగతి ఆలోచింపుడు. ఒంటరిగా పోవుచున్నామని మనము అనుకొను ప్రయాణము నిజముగా ఒంటరిదేనా? యూటాలో 70వ నంబరు రహదారి మీద గ్రీన్ రివర్ నుండి సలైనా వరకు 100 మైళ్ళకు పైగా పెట్రోలు బంకు లేదు. ఆ దూరమును ధైర్యముగా దాటువాడు, గ్రీన్ రివర్‌లో బంకు తెరచి కూర్చున్నవానిని నమ్ముకొనియే దాటుచున్నాడు. డెత్ వ్యాలీలోని దారులలో అనేకము 1933 నుండి 1942 వరకు, ఆర్థికమాంద్యపు రోజులలో, ప్రభుత్వము పనిలో చేర్చుకొన్న నిరుద్యోగ యువకులు వేసినవి. వారు దాదాపు మన విద్యార్థుల వయస్సువారే. నెలకు 30 డాలర్ల జీతములో 25 డాలర్లు ఇంటికి పోవలెనను నియమము మీద వారు ఆ ఎండలో రాళ్ళు మోసినారు.

అంతకు పూర్వము 1857లో ఎడ్వర్డ్ బీల్ అను అధికారి న్యూమెక్సికో నుండి అరిజోనా మీదుగా కొలరాడో నది వైపు దారి వేసినప్పుడు, సామాను మోసినవి ఒంటెలు. ఆ ఒంటెలను నడుపుటకు తురుష్క సామ్రాజ్యము నుండి వచ్చినవారిలో ఒకని పేరు హాజీ అలీ. ఆ పేరు పలుకరాక అమెరికనులు 'హై జాలీ' అన్నారు. 1902లో అతడు అరిజోనాలోని క్వార్ట్‌సైట్ గ్రామమున మరణించినాడు. అతని సమాధి మీద పిరమిడ్ ఆకారపు కట్టడము, దాని శిఖరమున లోహపు ఒంటె బొమ్మ నేటికిని కలవు. బీల్ వేసిన దారిని చాలవరకు అనుసరించియే తరువాత 66వ నంబరు రహదారి వెలసినది. నేడు ఏ.సి. కారులో పాట వినుచు ఆ ప్రాంతమున పోవు ఏకాకి, ఒక కాఫిలా అడుగుజాడలలోనే పోవుచున్నాడు.

మనము 'ఖాళీ' అని పిలుచు ఆ ఎడారి ఖాళీ కూడ కాదు. డెత్ వ్యాలీలో టింబిషా షోషోనీ జాతివారు తరతరాలుగా కాపురమున్నారు. 1933లో ఆ లోయను రక్షితప్రాంతముగా ప్రకటించినప్పుడు వారికి ఒక్క ఎకరమైనను మిగులలేదు. 1983లో వారిని ఒక జాతిగా ప్రభుత్వము గుర్తించినది. 2000 సంవత్సరపు చట్టముతో పార్కు నడుమ ఫర్నేస్ క్రీక్ వద్ద సుమారు 300 ఎకరములు, వెలుపల మరికొంత భూమి వారికి తిరిగి దక్కినవి. 2018 డిసెంబరు నుండి 35 రోజులు అమెరికా ప్రభుత్వ కార్యాలయములు మూతపడినప్పుడు, జాషువా ట్రీ పార్కు ద్వారములు తెరచియున్నను చూచువారు కరవైనారు. చెత్త పేరుకొన్నది, దారి విడిచి కార్లు నడిపినారు, చెట్లు దెబ్బతిన్నవి. మన ఏకాంతమును కాపాడుటకు కూడ ఎవరో ఒకరు జీతము తీసుకొని పనిచేయవలసియున్నదని అప్పుడు తెలిసినది.

కనుక ఏకాకి వెనుక కంటికి కనిపించని కాఫిలా ఒకటి ఎల్లప్పుడు ఉన్నది. ఇంటివద్ద ఫోను చేతపట్టుకొని కూర్చున్న తండ్రి అందులో చివరివాడు. తప్పిపోయినవానిని చూచువాడు అతడే. అతనికి దారి చెప్పుట అనుమతి అడుగుట కాదు. అది అతని పని అతనిని చేయనిచ్చుట.

తల్లిదండ్రులకు కూడ ఒక మనవి. పిల్లలు చెప్పకుండ పోవుటకు సగము కారణము మనమే. చెప్పినచో వద్దందుమని వారికి తెలియును. అందుకే "గదిలోనే ఉన్నాను" అందురు. ఆ అబద్ధమే ఎడారి కన్న ప్రమాదకరమైనది. వద్దనుట మాని, "ఎప్పుడు ఫోను చేస్తావు? చేయకపోతే మేము ఎవరికి చేయాలి?" అని అడుగుట నేర్చుకొందము.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు విదేశములకు పోదురు. సెలవులలో కారు తీసికొందురు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అనగా దాదాపు నాలుగు లీటర్ల నీరు తప్పనిసరి. వేసవిలో లోయలలో నడక ఉదయము పది గంటల లోపల ముగింపవలెను. ఫోను చూపిన ప్రతిదారియు దారి కాదు. కాగితపు పటము దగ్గర ఉండవలెను. బండి చెడినచో దానిని విడువరాదు; మనిషి కన్న కారు దూరమునకు కనిపించును. ఒప్పందము చదివి సంతకము చేయవలెను. 2022 నుండి కొన్ని ఫోన్లలో ఉపగ్రహము ద్వారా సహాయము కోరు ఏర్పాటు వచ్చినది, మంచిదే. కాని ఫోను పగిలిపోవచ్చును. ఇంటివద్ద ఉంచిన చీటీ పగిలిపోదు.

కళాశాల కమిటీవారికి మా విన్నపము ఒకటి. విదేశములకు పోవు విద్యార్థులకు వీసా గురించి, బ్యాంకు రుణము గురించి సభలు జరుపుచున్నాము. ఆ సభలో ఈ విషయమునకు ఒక గంట కేటాయింపుడు. తల్లిదండ్రులను కూడ పిలువుడు. ఖర్చు లేదు, ఒక పటము, ఒక నల్లబల్ల చాలును.

ఆ అబ్బాయి మరుసటి సంవత్సరము మరల ఒంటరిగా వెళ్ళినాడు. ఈ పర్యాయము అరిజోనాలోని సవారో, పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులు చూచినాడు. బయలుదేరుటకు ముందు తండ్రికి ఒక చీటీ పంపినాడు: ఏ రోజు ఏ చోట, కారు నంబరు, ఏ గంట దాటినచో పార్కు కార్యాలయమునకు ఫోను చేయవలెనో ఆ నంబరు. తండ్రి దానిని పెద్ద అక్షరములలో వ్రాయించి దుకాణములో గల్లాపెట్టె ప్రక్కన అంటించినారు. మేము సరుకులకు పోయినప్పుడు చూపుడువ్రేలు దాని మీద ఉంచి, "ఈరోజు ఇక్కడున్నాడు సార్. చెట్లు రాళ్ళయిపోయిన చోటట!" అన్నారు.