లూయిస్ మంటల పండుగకు వెళ్లవచ్చునా?

పిల్లలూ! ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చింది. రాసినవాడు పదకొండేళ్ల కుర్రవాడు. తండ్రి ఉద్యోగరీత్యా వాళ్లు బ్రైటన్ పట్టణంలో కాపురముంటున్నారు. అక్కడికి సుమారు 13 కిలోమీటర్ల దూరాన లూయిస్ అనే ఊరున్నది. ఆ ఊళ్లో నవంబరు 5వ తేదీ రాత్రి గొప్ప మంటల పండుగ జరుగుతుంది. “మన భోగిమంటల వంటిదే గదా, వెళదాం” అని మన కుర్రవాడు పట్టుపట్టాడు. తండ్రి సరేనన్నాడు. తల్లి మాత్రం వద్దన్నది. ఇంట్లో నాలుగేళ్ల పాప కూడా ఉన్నది. “అమ్మ వట్టి పిరికిది, మాస్టారూ! మీరు రాస్తే వింటుంది” అని వీడి ఉత్తరం.

నాయనా, తీర్పు తరవాత చెబుతాను. ముందు ఆ పండుగ ఏమిటో తతిమ్మా పిల్లలకు కూడా తెలియాలి గదా.

1605వ సంవత్సరంలో ఇంగ్లండును మొదటి జేమ్సు రాజు పరిపాలిస్తున్నాడు. ఆ రాజ్యంలో ప్రొటెస్టంటు మతానిది పైచేయి. కాథలిక్కులకు అనేక నిర్బంధాలు ఉండేవి. వాటిని సహించలేక కొందరు కాథలిక్కులు ఒక ఘోరమైన కుట్ర పన్నారు. రాజు పార్లమెంటును ప్రారంభించే రోజున ఆ భవనాన్ని రాజుతో సహా పేల్చివేయాలని వారి ఎత్తు. భవనం కింది గదిలో 36 పీపాల తుపాకిమందు చేరవేశారు. అయితే ఒక ప్రభువుకు, ఆ రోజు సభకు రావద్దని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. దానితో రాజోద్యోగులు వెతికితే, పీపాల దగ్గర కాపలా ఉన్న గై ఫాక్స్ అనేవాడు పట్టుబడ్డాడు. అసలు నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ. కాని చిక్కినవాడి పేరే లోకంలో నిలిచిపోయింది. ఇంగ్లీషులో మనిషిని “గై” అనడం కూడా వీడి పేరు నుంచి వచ్చిందే!

రాజు బతికి బయటపడ్డాడని ఆ రాత్రి లండనులో మంటలు వేశారు. నవంబరు 5న చర్చీలలో కృతజ్ఞతా ప్రార్థన జరగాలని 1606లో చట్టమే చేశారు. అది 1859 దాకా అమలులో ఉన్నది. చట్టం పోయింది గాని మంటలు పోలేదు.

మరి లూయిస్‌లోనే ఇంత ఆర్భాటం దేనికి? ఆ ఊరికి అంతకన్నా పాత గాయం ఒకటున్నది. మేరీ రాణి కాలంలో, 1555 నుంచి 1557 లోపల, ప్రొటెస్టంటు మతం వదలలేదని 17 మందిని ఆ ఊరి నడివీధిలో సజీవంగా దహనం చేశారు. అందులో పదిమందిని ఒక్క రోజునే. ఇప్పుడు టౌన్‌హాలు ఉన్న చోట, ఆనాడు స్టార్ అనే సత్రం ముందు ఇది జరిగింది. అందుకనే ఊరేగింపులో 17 మండే శిలువలను మోసుకుపోతారు. ఊరి పక్క కొండమీద 1901లో కట్టిన స్మారక స్తంభం ఉన్నది.

ఇటువంటి జ్ఞాపకంలో కొంత విషం కూడా ఉంటుంది. ఆనాటి పోపు దిష్టిబొమ్మను తగలబెట్టడం అక్కడ చాలాకాలంగా ఆచారం. నాలుగు వందల ఏళ్లనాటి సంగతే గాని, ఇప్పటి కాథలిక్కులమీద కోపం కాదని ఊరివారంటారు. నిజమే కావచ్చు. కాని పక్కింటి కాథలిక్కు కుర్రవాడు అది చూస్తూ నిలబడితే వాడికి ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. ఈ రోజులలో రాజకీయ నాయకుల దిష్టిబొమ్మలు కూడా ఇంటియెత్తున కట్టి, టపాకాయలు దట్టించి పేల్చేస్తారు.

ఒకప్పుడు ఈ పండుగ వట్టి రౌడీల వ్యవహారంగా ఉండేది. మండే తారు పీపాలను వీధులలో దొర్లించేవారు. 1847లో లండను నుంచి పోలీసులను దింపవలసి వచ్చింది. తరవాత ఊరివారే సంఘాలుగా ఏర్పడి పండుగను ఒక క్రమంలో పెట్టారు. క్లిఫ్ సంఘం, బరో సంఘం 1853లో పుట్టాయి. ఇప్పుడు నవంబరు 5న ఆరు సంఘాలు ఊరేగుతాయి. నెవిల్ అనే ఏడో సంఘం ప్రత్యేకం పిల్లల కోసం ఏర్పడినది. అది తన పండుగను ముందుగానే వేరే రోజున జరుపుకుంటుంది. దొంగరవాణా చేసే ఓడవాళ్ల మాదిరి, అడ్డచారల చొక్కాలు ఈ సంఘాల వారి వేషం. క్లిఫ్ వారివి తెలుపు నలుపు చారలు, బరో వారివి తెలుపు నీలం. గోనెగుడ్డ చుట్టి నూనెలో నానబెట్టిన కాగడాలను వేల సంఖ్యలో తామే తయారు చేసుకుంటారు. చనిపోయిన సైనికుల స్తూపం దగ్గర ఊరేగింపు ఆపి పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. మండుతున్న పీపాను ఊజ్ నదిలోకి విసరడం కూడా ఒక ఆచారం. చివరకు ఎవరి మైదానానికి వారు వెళ్లి పెద్ద మంట వేసి, బాణసంచా కాలుస్తారు. 5వ తేదీ ఆదివారమైతే ముందురోజు శనివారమే జరుపుతారు. కరోనా మూలాన 2020లోనూ, 2021లోనూ పండుగ ఆగిపోయింది.

చూడదగిన వేడుకే, సందేహం లేదు. మీ నాన్నకు మనసు లాగడంలో తప్పేమీ లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. లూయిస్ జనాభా సుమారు 17,000. పండుగనాడు కొన్ని సంవత్సరాలలో 60,000, 80,000 దాకా జనం వచ్చినట్లు అంచనాలున్నాయి. ఊరు పాతది. వీధులు ఇరుకు, కొన్ని ఏటవాలు. ఆ వీధుల మధ్యనుంచే కాగడాల వరస నడవాలి. కనుక చూసేవారికి మిగిలేది రెండు పక్కలా కాలిబాట మాత్రమే.

భోగిమంటకూ దీనికీ తేడా ఇక్కడే ఉన్నది. భోగినాడు తెల్లవారుజామున ఎవరి వాకిట్లో వారు, లేదా ఎవరి వీధిలో వారు మంట వేసుకుంటారు. ఊరంతా మంటలే గాని, ఒక్కొక్క మంట దగ్గర పదిమందో ఇరవైమందో ఉంటారు. చలి కాగి ఇంట్లోకి వెళ్లిపోతారు. లూయిస్‌లో అయితే నాలుగైదు ఊళ్ల జనం ఒక్క ఊళ్లో, చీకట్లో, ఒకే వీధిని చూడాలని నిలబడతారు.

అందువల్ల ఏమవుతుందో తెలియాలంటే ఒక పని చేయండి. బడి వరండాలో సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండే గడి గీయండి. అందులో ఇద్దరు పెద్దవాళ్లను నిలబడమనండి. హాయిగా చేతులు ఊపుకోగలరు. నలుగురు నిలబడితే భుజాలు రాసుకుంటాయి. అక్కడితో ఆపండి, ఇంకా ఎక్కించి చూడవద్దు! ఆరుగురో ఏడుగురో అయినప్పుడు మనుషులు తమ ఇష్టంకొద్దీ కదలలేరు. ఒకచోట తోపు పుడితే అది నీటి అలలాగా గుంపులో పాకిపోతుంది. ఎంత బలశాలి అయినా ఆ అలకు ఎదురు నిలవలేడు.

ఇటువంటి ప్రమాదాలను మనం “తొక్కిసలాట” అంటాం. ఆ మాట నాకు అంతగా నచ్చదు. జనం ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తారనే భావం అందులో ఉన్నది. నిజానికి చాలా చోట్ల ఎవరూ పరుగెత్తరు, పరుగెత్తడానికి చోటే ఉండదు. ఊపిరి పీల్చాలంటే మన రొమ్ము ముందుకు వ్యాకోచించాలి. నాలుగువైపులా ఒత్తిడి ఉంటే అది సాధ్యం కాదు. నిలబడిన మనిషి నిలబడినట్లే ఊపిరాడక పోతాడు. 2022 అక్టోబరు 29న కొరియా దేశపు సియోల్ నగరంలో, ఇటెవన్ అనేచోట, మూడు మీటర్ల పైచిలుకు వెడల్పున్న ఒక ఏటవాలు సందులో 150 మందికి పైగా ఇలాగే చనిపోయారు. అందులో చాలామంది పడుచువాళ్లు. మన రాజమండ్రిలో 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటిరోజున పాతికమందికి పైగా ప్రాణాలు పోయినది కూడా ఇటువంటి ఒత్తిడిలోనే. వాళ్లలో ఎవరూ చెడ్డపని చేయడానికి రాలేదు.

లూయిస్‌లోనూ అలా జరిగి తీరుతుందని నేననడం లేదు. అక్కడి సంఘాలవారు జాగ్రత్త గలవారు. స్వచ్ఛంద సేవకులు, ప్రథమచికిత్స చేసేవారు సిద్ధంగా ఉంటారు. కాని నాలుగేళ్ల పాప ముఖం పెద్దవాళ్ల నడుము ఎత్తున ఉంటుంది. తోపులో ఆమెకు ముందుగా గాలి తగ్గుతుంది. భుజానికి ఎత్తుకుంటే కాగడాల నిప్పురవ్వలు, చెవులు చిల్లులుపడే టపాకాయలు ఆమె ముఖం ఎత్తున ఉంటాయి. తోపుడుబండి ఆ జనంలో కదలదు. మీ అమ్మ ఈ లెక్కలన్నీ కాగితంమీద వేయలేదు, మనసులో వేసింది. దాన్ని పిరికితనం అనరు. ఉత్తరంలో రాసిన ఆ మాటను ఆమె దగ్గర మట్టుకు అనబోకు.

మరొక సంగతి ఉన్నది. పై ఊళ్లవారు రావద్దని లూయిస్ అధికారులు ప్రతి సంవత్సరమూ చెబుతున్నారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ సాయంత్రం రైళ్లను అక్కడ ఆపడం లేదు, రోడ్లు కూడా మూసేస్తున్నారు. వెళ్లినవారు అర్ధరాత్రి చలిలో ఎలా తిరిగి వస్తారు? అది ఊరివారి పండుగ. వాళ్ల పిల్లలు సంఘం చొక్కాలు తొడుక్కుని తల్లిదండ్రుల పక్కన నడుస్తారు. నువ్వూ ఆ ఊళ్లోనే పుట్టి ఏదో ఒక సంఘంలో ఉన్నట్టయితే నా జవాబు వేరుగా ఉండేది. పిలవని పేరంటానికి, అందులోనూ రావద్దన్న పేరంటానికి, మనం ఎందుకు వెళ్లాలి?

కనుక ఈ ఏడు నవంబరు 5 రాత్రి లూయిస్ వద్దు. పాప పెద్దదై, నువ్వు మీ నాన్న భుజందాకా ఎదిగినప్పుడు ఆ సంగతి మళ్లీ మాట్లాడుకోవచ్చు.

వేడుక చూడాలన్న నీ కోరిక మాత్రం మంచిదే, దాన్ని చంపుకోనక్కరలేదు. ససెక్స్ ప్రాంతంలో మంటల పండుగలు సెప్టెంబరులోనే మొదలై నవంబరు దాకా ఏదో ఒక ఊళ్లో జరుగుతూనే ఉంటాయి. చిన్న ఊరిది ఒకటి ఎంచుకోండి. వెళ్లేముందు ఆ ఊరివారు బయటివారిని రానిస్తారా, పిల్లలకు చోటుంటుందా అని కనుక్కోమని నాన్నతో చెప్పు. లూయిస్‌కు మరో రోజున పగటిపూట వెళ్లండి. టౌన్‌హాలు, కొండమీది స్తంభం, ఊజ్ నదిమీది వంతెన తీరికగా చూడవచ్చు. జనంలో ఆ రాత్రి ఇవేవీ కనిపించవు.

పెద్దలకు రెండు మాటలు. నేను ఉద్యోగంలో ఉండగా కోటప్పకొండ తిరునాళ్లకు పిల్లలను తీసుకుపోయేవాణ్ణి. ప్రభలు చూడాలంటే దగ్గరికి పోవాలని వాళ్లకుంటుంది. నేను మాత్రం ముందుగా రెండు దారులున్న చోటు చూసి నిలబెట్టేవాణ్ణి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో వెళ్లగానే చూపించేవాణ్ణి. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన కాగితం ఉంచండి. జనంలో ఫోన్లు ఒక్కొక్కప్పుడు పనిచేయవు. ఒత్తిడి మొదలైందని తోస్తే, కార్యక్రమం సగంలో ఉన్నా బయటికి వచ్చేయండి. చిక్కుపడితే మోచేతులు రొమ్ముకు ముందు అడ్డం పెట్టుకోవాలి. అలకు ఎదురు తోయకుండా, అది కాస్త తగ్గినప్పుడల్లా ఐమూలగా అంచువైపుకు జరగాలి. చెప్పు జారినా, టోపీ పడినా వంగకూడదు.

ఇక నీకొక పని అప్పగిస్తున్నాను, నాయనా. దూరం నుంచి బాణసంచా చూసేటప్పుడు గడియారం దగ్గర పెట్టుకో. వెలుగు కనిపించిన క్షణం నుంచి చప్పుడు వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు పడితే అది ఒక కిలోమీటరు దూరంలో పేలిందన్నమాట. ఎర్రగా వెలిగితే స్ట్రాన్షియం, ఆకుపచ్చగా వెలిగితే బేరియం, నీలమైతే రాగి లవణాలు అందులో ఉన్నాయని అర్థం. తుపాకిమందు మటుకు గై ఫాక్స్ కాలంనాటి సరుకులతోనే తయారవుతుంది. ఇప్పటి పాళ్లలో నూటికి 75 వంతులు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. ఎన్ని సెకన్లు పట్టిందో, ఏ రంగులు చూశావో నాకు రాయి.

ఇంట్లో కాకరపువ్వొత్తులు కాలిస్తే ఉన్ని చేతితొడుగులు వేసుకో. కాలిన కడ్డీని నీళ్లబకెట్టులో వెయ్యి. దాని మొన వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది, మెరుపు ఆరినా వేడి ఆరదు. అయిదేళ్ల లోపు పిల్లల చేతికి అవి ఇవ్వవద్దని అక్కడివారు చెబుతారు. కాబట్టి పాప చేతికి చిన్న టార్చిలైటు ఇవ్వండి. గోడమీద సున్నాలు చుట్టుకుంటూ ఆడుకుంటుంది.