పెరిగితే సర్దుకోని వంకర

క్రిందటి సంక్రాంతికి అమృతలూరు వెళ్ళినప్పుడు మా అక్కయ్య కూతురు కుడిచెయ్యి ఓణీ చాటున దాచుకుని తిరగటం చూశాను. పదకొండేళ్ళ పిల్ల. అయిదేళ్ళ క్రిందట గడ్డివామి మీదనుంచి జారి, అరచెయ్యి నేలకానించి పడింది. మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. "ఇంతదానికి పుత్తూరు దాకా ఎందుకే?" అని పెద్దవాళ్ళు దగ్గరలోనే కట్టు కట్టించారు. ఎముక అతికింది, కాని వంకరగా అతికింది. "పెరిగితే అదే సర్దుకుంటుందిలే" అన్నారు. సర్దుకోలేదు.

ఎందుకంటారా? దండచేతి ఎముక పొడుగు పెరిగేది చాలామటుకు భుజం వైపునుంచే. మోచేతి వైపు పెరుగుదల అయిదో వంతే. అందుచేత అక్కడ ప్రక్కకు ఒరిగిన వంకర ఏళ్ళు గడిచినా తీరదు. నిండు బిందె చేత్తో పట్టుకు నడిచేవారిని చూడండి. ముంజెయ్యి కొంచెం బయటకు వాలి, తొడకు తగలకుండా వుంటుంది. మా పిల్లకు అది లోపలికి వాలింది. వ్రాతకూ, భోజనానికీ లోటులేదు. మా అమ్మ బెంగ పెళ్ళిచూపుల గురించి. పిల్ల బెంగ వేరు: "బళ్ళో ఫోటో తీసేరోజున నేను వెళ్ళను మామయ్యా!"

అష్టావక్రుడి వంకరలు సమంగానదిలో మునిగితే పోయాయి. మనకు ఆపరేషనే గతి. గుంటూరులో ఎముకల డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు. బయటివైపునుంచి ఎముకలో చిన్న పుచ్చకాయ ముక్కలాంటి చెక్కు తీసి, ఆ సందు మూసి బిగిస్తారట. రెండు మరలూ, వాటిని కలిపే తీగతో బిగించే పద్ధతిని ఫ్రెంచ్ అనే సర్జను 1959లో లాన్సెట్ పత్రికలో వివరించాడు. నరానికి దెబ్బ తగలటం, వంకర కొంత మిగలటం వంటి ప్రమాదాలు లేకపోలేదు. విరిగిన వెంటనే చెయ్యరు. మోచెయ్యి బాగా ఆడేదాకా, సుమారు ఏడాది, ఆగుతారు. అలాగని అందం కోసమే అనుకోకండి. కొందరికి ఏళ్ళ తరువాత మోచేతి నరం నలిగి చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది.

ఒక్కమాట తల్లులకు. కట్టు ఎవరు కట్టినా ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టాక వేళ్ళు పాలిపోయినా, మొద్దుబారినా, నొప్పి పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. నెత్తురు అందక చెయ్యి ముడుచుకుపోయే ఆ వికారాన్ని జర్మన్ వైద్యుడు ఫోక్‌మన్ 1881లోనే వర్ణించాడు. వంకర మోచేతిని తిన్నగా చెయ్యవచ్చు. ముడుచుకుపోయిన చెయ్యి పూర్తిగా తిరిగి రావటం కష్టం.

వేసవి సెలవుల్లో ఆపరేషను అయింది. కట్టు విప్పి, మోచెయ్యి మళ్ళీ చాపగలిగిననాడు పిల్ల అద్దం ముందు రెండు చేతులూ చాచి చాలాసేపు చూసుకుంది.

"ఈసారి ఫోటోకి వెడతాను మామయ్యా" అంది.