సర్వర్ డౌన్ అనే సాకు

"సర్వర్ డౌన్ ఉంది, మల్ల రాండ్రి." చెన్నూరులో స్కాలర్‌షిప్ రెన్యువల్‌కో, డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో సీటుకో వచ్చిన పిల్లలకు ఈ మాట కొత్త కాదు. కోటపల్లి మండలం నుంచి బస్సెక్కి వచ్చిన అబ్బాయికి దాంతో ఒక రోజూ బస్సు కిరాయీ పోతాయి, ఒక్కోసారి గడువే దాటిపోతుంది.

ప్రతిసారీ నెపం హైదరాబాద్ సర్వర్ మీదకి తోసేస్తే ఎట్లా? ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నిటికీ ఒకే ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు మధ్యలో నిలబడే సర్వర్) అడ్రస్ చేత్తో కొట్టిపెట్టి, అది కూలబడగానే చేతులెత్తేసే కాలేజీలూ ఆఫీసులూ మనకు తక్కువా? పక్కన రెండో ప్రాక్సీ ఖాళీగా ఉన్నా బ్రౌజర్ అటు పోదు. పొమ్మని దానికి ఎవరూ చెప్పలేదు మరి!

దీనికి మందు 1996లోనే వచ్చింది. నెట్‌స్కేప్ కంపెనీ తన నావిగేటర్ 2.0 బ్రౌజర్‌లో ప్యాక్ ఫైల్ సదుపాయం పెట్టింది. అంటే ప్రాక్సీ ఆటో కాన్ఫిగరేషన్, ఓ పది లైన్ల జావాస్క్రిప్ట్. ఏ సైటుకు ఎటు పోవాలో బ్రౌజర్ దాన్నే అడుగుతుంది. "ముందు ఒకటో ప్రాక్సీ, అది పలకకపోతే రెండోది" అని ఫైల్ వరుస చెబుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ అన్నిటికీ ఈ భాష వచ్చు. రానిది ల్యాబ్ నడిపే పెద్దలకే.

భారం పంచేదీ ఆ ఫైలే. లాటరీ తీసినట్టు పంచే మేధావులున్నారు. వాళ్ల పుణ్యమా అని ఒక్కో క్లిక్ ఒక్కో ఐపీ అడ్రస్ నుంచి వెళ్లి, లాగిన్ తెగి, నింపిన ఫారం గంగపాలు కావచ్చు. సైటు పేరును బట్టి పంచితే ఆ బాధ తప్పుతుంది కానీ, గడువు రోజున ల్యాబంతా ఒకే సైటు మీద పడుతుంది, బరువంతా ఒక్క ప్రాక్సీ మీదే. అలాంటిచోట కంప్యూటర్ ఐపీ చివరి అంకె చూడాలి: సరి అయితే ఒకటో ప్రాక్సీ, బేసి అయితే రెండోది. ఇంతోటి లెక్కకు ఇంజినీరింగ్ పట్టా కావాలా?

"ఫండ్స్ లేవు సార్" అంటారు. స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ ఉచితం, ప్యాక్ ఫైలూ ఉచితమే, మూలన పడ్డ పాత కంప్యూటరే రెండో ప్రాక్సీ. భారం పంచే లక్షల రూపాయల లోడ్ బ్యాలెన్సర్‌కు మాత్రం టెండర్ ఫైలు చకచకా కదులుతుంది. ఉచితంగా వచ్చేదాంట్లో ఎవరికేం మిగులుతుంది?

ఇంటర్నెట్ లైనే తెగితే ఏ ఫైలూ కాపాడదు, నిజమే. ప్యాక్ ఫైలును కూడా ఒకే యంత్రంలో ఉంచితే మళ్లీ మొదటికే వస్తాం. సెట్టింగులను తనంతట తనే వెతుక్కునే ఆప్షన్ ఆన్‌లో ఉంచితే, నెట్‌వర్క్‌లో దూరిన దొంగ తన ఫైలును అంటగట్టగలడు. అందుకే ప్యాక్ ఫైలు చిరునామా మనమే ఇవ్వాలి. ఇవన్నీ జాగ్రత్తలు, చేయకుండా తప్పించుకోవడానికి సాకులు కావు.

ప్రిన్సిపాళ్లూ, ఆఫీసర్లూ! గడువుకు వారం ముందు ఒకటో ప్రాక్సీ వైరు మీ చేత్తో పీకి చూడండి. ల్యాబ్ ఆగిపోతే ఆ తప్పు మీది. విద్యార్థి సంఘాల వాళ్లకూ ఒక మాట: కొత్త కంప్యూటర్ల కోసం ధర్నా తర్వాత చేయొచ్చు, ముందు ఈ పరీక్ష పెట్టించండి.