మంచం పక్కనున్న మనిషి మాటేమిటి?

ఇంటాయన పక్షవాతంతో మంచాన పడితే ఆ ఇంటికి ఒక సంపాదన పోయిందని లోకం లెక్కగడుతుంది. నా లెక్కలో పోయేవి రెండు. ఆయనను లేపి కూర్చోబెట్టడానికి, స్నానం చేయించడానికి, ఒంటికి పుండ్లు పడకుండా పక్కకు తిప్పడానికి మరొకరు పని మానుకోవలసిందే. ఆ మరొకరు చాలా ఇళ్ళలో భార్యే.

మా బంధువులలో ఒకావిడ బట్టలు కుట్టి నాలుగు రాళ్ళు సంపాదించేది. భర్త పడిపోయాక కుట్టుమిషను అమ్మేసింది. పింఛను దరఖాస్తు నింపే గుమాస్తా "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగితే "ఏమీ చెయ్యనండీ" అన్నది! రాత్రి నాలుగుసార్లు నిద్ర లేచే మనిషి చెప్పిన జవాబది. ఆయన కూడా అలాగే రాసుకున్నాడు.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యడం లేదని నేననను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో వికలాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 5,000 నుంచి 15,000 కు పెరిగింది. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016 అయింది. ఇవన్నీ రోగి పేరిట వచ్చేవి. మందులకూ, ఆస్పత్రి ప్రయాణాలకూ పోగా ఇల్లు గడవడానికి మిగిలేదెంత? ఆమె మానుకున్న పనికి పరిహారం ఇందులో ఎక్కడుంది?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైన వారికి సంరక్షకుల భత్యం కల్పించాలన్న మాట ఉన్నది. దానితోపాటే 'ఆర్థిక శక్తి మేరకు' అన్న మెలికా ఉన్నది. కేరళ 'ఆశ్వాసకిరణం' పేరిట సంరక్షకులకు నెలకు 600 రూపాయలు నిర్ణయించింది. మొత్తం చిన్నదే. కానీ మంచం పక్కన ఒక మనిషి ఉన్నదని ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

"కట్టుకున్నవాడికి సేవ చెయ్యడానికీ కూలియా?" అని పెద్దలు కోప్పడవచ్చు. ఈ వాదన మనదొక్కరిదే కాదు. బ్రిటన్ 1976లో సంరక్షకుల భత్యం మొదలుపెట్టినప్పుడు, ఎటూ ఇంటిపట్టునే ఉంటారన్న తర్కంతో వివాహితలను మినహాయించింది. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం వదులుకున్న జాక్వెలిన్ డ్రేక్ అనే వివాహిత న్యాయపోరాటం చేస్తే, 1986లో యూరోపియన్ న్యాయస్థానం ఆ వివక్ష చెల్లదన్నది. ప్రేమకు వెల కట్టమని ఆమె అడగలేదు. పోయిన జీతం సంగతే అడిగింది. సేవ ధర్మమే, కాదనను. అయితే కిరాణాకొట్టులో ధర్మాన్ని చూపించి బియ్యం తెచ్చుకోలేము కదా!

నా అభిప్రాయం ఇది. పింఛను దరఖాస్తులో సంరక్షకుల వివరాలకు ఒక గడి ఉండాలి. వారు మానుకున్న పని అందులో నమోదు కావాలి. రోగి పింఛనులో కోత పెట్టకుండా వారి పేరిట విడిగా భత్యం ఇవ్వాలి. అంతకన్నా ముందు మనం మారాలి. ఇటువంటి ఇంటివాళ్ళు కార్యాలయానికి వెళ్ళేటప్పుడు తలవంచుకుని వెళ్తున్నారంటే, అడగడం యాచన అని మనమే వాళ్ళకు నేర్పాము. చట్టంలో ఉన్నదాన్ని అడగడం యాచన ఎలా అవుతుంది?

మీకు తెలిసిన ఇళ్ళలో పరిస్థితి ఎలా ఉన్నదో చెప్పండి. నాతో విభేదించేవారి మాటా వినాలని ఉంది.