పట్టాలు పోయాక మిగిలిన దారి

లె షేలార్ ఊరు ఇంకా పది కిలోమీటర్లుందనగా మా మేనకోడలు సైకిలాపి నా వైపు తిరిగింది. "మామయ్యా, గమనించావా? పొద్దున్నుంచి వీణ్ని ఒక్క కేక కూడా వెయ్యలేదు నేను" అంది. వీడంటే తన కొడుకు, ఏడేళ్లవాడు. అప్పటికి మాకు నూరు గజాల ముందున్నాడు. లియోన్‌లో వాడు సైకిలెక్కితే "పక్కకి రా, ఆగు, కారొస్తోంది" అన్న మాటలే గానీ వాళ్లమ్మ నోట మరో మాట రాదు. ఆ రోజు మాత్రం వాడికి పీచ్ తోటలు చూపించింది, ఏట్లో రాతి మీద నిలబడ్డ కొంగను చూపించింది, తన చిన్నప్పటి కబుర్లు చెప్పింది. భయం లేని దారిలో తల్లి గొంతు ఎంత మెత్తబడుతుందో చెవులారా విన్నాను. ఈ వారం రాయాలనుకున్నది ఆ దారి గురించే.

దక్షిణ ఫ్రాన్సులో రోన్ నదికి పడమట ఉన్న జిల్లా ఆర్దేష్. ఎటు చూసినా కొండలే. చదును నేల దొరక్క అక్కడి రైతులు వాలు మీద రాళ్లు పేర్చి, మెట్లు మెట్లుగా పొలాలు చేసుకున్నారు. పైన చెస్ట్‌నట్ చెట్లు, కింద తోటలు, వాటి మధ్య ఎరియూ అనే ఏరు. ఆ ఏటి వెంట, రోన్ ఒడ్డునున్న లా వూల్త్ నుంచి లె షేలార్ దాకా ఒకే దారిగా వెళ్లి, అక్కణ్నుంచి రెండు పాయలై ఒకటి లమాస్త్రకి, ఇంకొకటి సెంటగ్రెవ్‌కి చేరే బాట పేరు దోల్చే వియా. అన్నీ కలిపి 90 కిలోమీటర్లు. దాని మీదికి కారు రాకూడదు, మోటారు సైకిలు రాకూడదు. నడిచేవాళ్లు, సైకిళ్లు, అక్కడక్కడ గుర్రాలు, అంతే. చాలా మేర తారు కూడా లేదు. సన్న కంకర పోసి దిమ్మిస కొట్టిన నేల. చక్రం కింద అది చేసే చిన్న చప్పుడు, పక్కన ఏటి చప్పుడు, ఈ రెండే రోజంతా తోడు.

కొండల్లో సైకిలంటే మనకు ఘాట్ రోడ్డు గుర్తొస్తుంది. ఇక్కడ అలా ఉండదు. లా వూల్త్ నుంచి లె షేలార్ వరకు సుమారు 48 కిలోమీటర్ల దారిలో ఎక్కే ఎత్తు మూడు వందల మీటర్ల పైచిలుకు. సగటున నూరు మీటర్లకు ఒక మీటరు కూడా కాదు. అరవై దాటిన నేనూ, ఏడేళ్ల పిల్లాడూ కలిసి తొక్కగలిగామంటే కారణం అదే. మా ఇద్దరి బలం గొప్పదేమీ కాదు, గొప్పతనమంతా దారిదే. ఆ దారి వేసింది రైలు కోసం.

ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. వాలు కాస్త ఎక్కువైతే జారిపోతుంది. అందుకని రైలు ఇంజనీర్లు కొండకి ఎదురు వెళ్లరు. ఏటి ఒంపుల్ని పట్టుకుని వెళతారు. అడ్డొచ్చిన గుట్టని కోస్తారు, పల్లంలో కట్ట పోస్తారు, వాగు మీద వంతెన, తప్పనిచోట సొరంగం. 1879లో ఫ్రాన్సు ప్రజాపనుల మంత్రి ఫ్రెసినె పథకం చట్టంగా వచ్చింది. మారుమూల చిన్న పట్నాలక్కూడా రైలు అందాలన్నది దాని సంకల్పం. ఆ ఊపులోనే దేశమంతటా కొండల్లోకీ పల్లెల్లోకీ పట్టాలు పాకాయి. ఈ ఎరియూ లోయలో 19వ శతాబ్దం చివర మీటర్ గేజి లైను పడింది. తర్వాత బస్సులూ లారీలూ వచ్చాయి. చిన్న లైన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈ లైను 1968లో ఆగిపోయింది. పట్టాలు పోయాయి, తుప్పలు మొలిచాయి. కానీ కట్ట మిగిలింది.

ఆ మిగలడంలోనే నాకు అసలు విషయం కనబడుతుంది. మిగిలిన కట్ట బాట కాగలదు. సోన్-ఎ-లువార్ జిల్లాలో జివ్రీ నుంచి క్లూనీ వరకు 44 కిలోమీటర్ల పాత రైలు కట్టని 1997లో సైకిళ్లకూ నడిచేవాళ్లకూ ఇచ్చారు. ఫ్రాన్సులో వ్వా వెర్త్, అంటే పచ్చదారి, అన్న పేరుతో వచ్చిన మొదటిది అదే. 2004లో ఆ పేరు రహదారి చట్టంలోకి కూడా ఎక్కింది. మోటారు బండికి ప్రవేశం లేదన్నది ఊరి పెద్దల దయగా కాక హక్కుగా మారింది. ఆ దారిని క్లూనీ నుంచి మాకోన్ వైపు సాగదీసినప్పుడు బ్వా క్లేర్ సొరంగం కూడా అందులో చేరింది. పొడవు 1,600 మీటర్ల పైనే. చలికాలంలో ఆ సొరంగాన్ని మూసేస్తారు. లోపల గబ్బిలాలు నిద్రపోతాయి కాబట్టి. అప్పుడు సైకిలువాళ్లు కొండెక్కి దిగాల్సిందే. మనిషి సుఖం కోసం వేసిన దారిని ఏటా కొన్ని నెలలు గబ్బిలాలకి వదిలే ఆ పద్ధతికి నేను మనసారా దండం పెడతాను.

సైకిలు కొండెక్కే మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక పెద్దమనిషిని తలచుకోవాలి. ఆర్దేష్‌కి ఉత్తరాన సెంటెటియెన్ నగరంలో పాల్ ద వివీ అనే పట్టు వ్యాపారి ఉండేవాడు. 1853లో పుట్టాడు. వెలోసియో అన్న కలం పేరుతో సైకిలు పత్రిక నడిపాడు. సైకిలుకి ఒకటికి మించి గేర్లుండాలని, అప్పుడు మామూలు మనిషి కూడా కొండెక్కగలడని జీవితమంతా వాదించాడు. ఊరి పక్కనున్న 1,161 మీటర్ల కనుమ మీదికి తొక్కి చూపించాడు. ఆయన మాట నిజమని లోకం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గేర్లు మార్చే డెరెయిలర్‌ని అనుమతించింది 1937లో. అప్పటికి ఆయన లేడు. 1930లో తానుంటున్న ఊళ్లోనే, సైకిలు నడిపించుకుని రోడ్డు దాటుతుండగా ట్రాము ఢీకొని చనిపోయాడు. కొండని జయించే ఉపాయం చెప్పినవాణ్ని ఊరి రోడ్డు పొట్టన పెట్టుకుంది. వాలుకి మందు గేరు. అది వచ్చి నూరేళ్లు దాటింది. రద్దీకి గేరు లేదు. దానికి కావలసింది విడిగా ఒక దారి, ఆ దారికి కావలసింది తెగని భూమి.

ఈ బాటల్లో లోటు లేదనను. రైలు స్టేషను ఏటి పక్కన, ఊరేమో కొండ కొమ్మున. రాత్రి బసకి చివరి మూడు కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద రొప్పుతూ ఎక్కాల్సి రావచ్చు. బాట కార్ల రోడ్డుని దాటేచోట్లు ఉంటాయి. అలాంటి ఒకచోట, పాత గేటుమన్ ఇంటి ముందు, మా మేనకోడలు "ఆగు!" అని గట్టిగా అరిచింది. ఆ రోజంతటికీ అదొక్కటే కేక. పిల్లాడు అప్పటికే కాలు కింద పెట్టి నిలబడి ఉన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. రైలు పోవడం ఆ పల్లెలకు నష్టమే. రైలు తిరిగి రావాలని కోరేవాళ్లకు పచ్చదారి అంటే అనుమానం, వాళ్ల అనుమానంలో న్యాయముంది. సైకిలు బాట రైలుని మూయడానికి సాకు కాకూడదు. మూతపడ్డ తర్వాత కూడా ఆ భూమి ముక్కలు కాకుండా కాపాడే ఉపాయం కావాలి. కట్ట ఉంటేనే కదా రేపెప్పుడైనా మళ్లీ పట్టాలు పడేది.

మనకూ అలాంటి కట్టలున్నాయి. నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమలలో మీటర్ గేజి రోజుల్లో కట్టిన దొరబావి వంతెన గురించి వినని రాయలసీమవాళ్లు తక్కువ. గేజి మార్చినప్పుడు రైలు వేరే దారి పట్టింది, పాత దారి అడవిలో ఉండిపోయింది. అది పులుల అడవి. అక్కడ సైకిళ్లు తిప్పమని నేను అడగను. గబ్బిలాలకి సొరంగం వదిలినట్టే పులికి ఆ దారి వదలాలి. కానీ 1992లో యూనిగేజ్ పథకం మొదలయ్యాక దేశంలో ఎన్నో మీటర్ గేజి, న్యారో గేజి లైన్లు మారాయి. లైను పక్కకి జరిగినచోట పాత కట్ట పొలాల మధ్య, ఊళ్ల మధ్య మిగులుతుంది. పిల్లలు బడికి, రైతు చేనికి, ముసలివాళ్లు పక్కూరికి భయం లేకుండా వెళ్లగల దారి అది. రెండు చోట్ల దాన్ని తెగ్గొట్టి అమ్మేస్తే మళ్లీ అతికించడం ఎవరి వల్లా కాదు.

అందుకే నా విన్నపం చిన్నది. బాట వేయడానికి డబ్బు ఇప్పుడే లేకపోవచ్చు. ఎరియూ లోయలోనూ రైలు ఆగాక దశాబ్దాలు గడిస్తే గానీ సైకిళ్లు రాలేదు. పట్టాలు పీకే రోజున మాత్రం ఆ కట్టని మొదటి నుంచి చివరిదాకా ఒకే ముక్కగా ఊరి పేరనో, జిల్లా పేరనో రాసిపెట్టండి. తుప్పలు మొలిస్తే మొలవనీండి. తుప్పల్ని కొట్టేయవచ్చు.